సగం వేలి పిడకలు

భోగినాడు తెల్లవారకముందే సందు మొదట్లో మంట వేశారు. ఆ మంటలోనే అర్జునరావు చేసిన పిడకల దండ కాలిపోయింది.

అర్జునరావు కూతురు సత్యశ్రీ అప్పటికే లేచి, మేడమీది వరండాలో పిట్టగోడకు గడ్డం ఆనించి మంట చూస్తోంది. తొమ్మిదేళ్ళ పిల్ల. తండ్రి పోయి ఏడాది తిరగలేదు కనుక ఆ ఇంట్లో ఈసారి పండగ లేదు. గుమ్మానికి తోరణం లేదు, వాకిట్లో ముగ్గు లేదు, పిల్ల మెడలో పిడకల దండ లేదు. "సూడ్డానికేటి తప్పు? దుప్పటి కప్పుకొని సూడు" అని మామ్మ చిట్టెమ్మే లేపి అక్కడ నిలబెట్టింది.

కింద వాటాలో ఉండే ఇంటివాళ్ళమ్మాయి హేమశ్రీ గోనెసంచిలోంచి ఒక్కొక్కటే తీసి మంటలో పడేస్తోంది. అరిగిన చీపురు పోయింది. అంచులు ఊడిన చేట పోయింది. తర్వాత ఓ పిడకల దండ బయటికి తీసి, చేత్తో పట్టుకుని గిరగిరా తిప్పింది.

"హేమక్కా! అది మాది! మా నాన్నది, వెయ్యకక్కా!"

మేడమీది అరుపు మంట చుట్టూ ఉన్న పిల్లల కేరింతల్లో కలిసిపోయింది. సత్యశ్రీ దుప్పటి వదిలేసి మెట్లు దిగి పరిగెత్తింది. వంటింట్లో పాలు కాస్తున్న అనూరాధ కూతురి అరుపు విని వరండాలోకి వచ్చేసరికి, కింద ఎవరో పిల్లను రెండు భుజాలూ పట్టుకుని వెనక్కి లాగుతున్నారు. ఏడాదిపాటు ఎండిన పిడకలవి. కర్పూరం అంటుకున్నట్టు అంటుకున్నాయి.

సత్యశ్రీ పైకి వచ్చింది. ఏడవడం లేదు. కాళ్ళ నిండా బూడిద. దండను లాగబోయిన కర్ర ఇంకా చేతిలోనే ఉంది. దాని కొసనుంచి పొగ వస్తోంది.

"మన మెట్ల దగ్గర పెట్టి ఉందంట. మనవాళ్ళే పెట్టారంట. ఎవరు పెట్టారు?"

అనూరాధ నోరు తెరిచింది. ఈలోగా వెనకనుంచి చిట్టెమ్మ అనేసింది.

"నానేనమ్మా. పుచ్చిపోయి పొడి రాల్తంది కదాని ఆ సేటతోపాటు అవతల ఎట్టీసినాను. నాకు బుర్రెక్కడేడిసింది."

సత్యశ్రీ మామ్మ వైపు చూసింది. "అది నాన్నదని నీకు తెలుసు కదా మామ్మా. తెలిసీ ఇచ్చీసావా?" అంది. కర్ర అక్కడే పడేసి లోపలికి వెళ్ళిపోయింది.

పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. అనూరాధ వెళ్ళి మంట ఆపి, గుడ్డతో గట్టు తుడిచింది. తుడవడం అయిపోయాక కూడా తుడుస్తూనే నిలబడింది.

ఆ దండను మెట్ల దగ్గర పెట్టింది ఆమే.

అర్జునరావు గాజువాక ఆటోనగర్‌లో లేతు మిషను మీద పనిచేసేవాడు. ఏటా సంక్రాంతి సెలవులు ఇవ్వగానే కూతుర్ని స్కూటరు ముందు నిలబెట్టుకుని ఎల్లాజీ పాలకొట్టానికి వెళ్ళి ఆవుపేడ తెచ్చేవాడు. డాబా మీద పాత ఫ్లెక్సీ పరుచుకుని తండ్రీకూతుళ్ళిద్దరూ కూర్చునేవాళ్ళు. పేడలో కాస్త ఊక కలిపి, ఉండలు చేసి, ఒక్కో ఉండనూ ఫ్లెక్సీ మీద పెట్టి నాలుగు వేళ్ళతో ఒక్క నొక్కు నొక్కేవాడు. దండ గుచ్చడానికి వీలుగా పుల్లతో చిల్లు పెట్టడం సత్యశ్రీ పని.

అతని కుడిచేతి నడిమివేలికి పై కణుపు లేదు. పెళ్ళికి ముందెప్పుడో మిషనులో పోగొట్టుకున్నాడు. అందుకని అతను నొక్కిన ప్రతి పిడక మీదా నాలుగు వేళ్ళ గుర్తుల్లో నడిమిది పొట్టిగా పడేది. "ఇది మన కంపెనీ ముద్ర. దీనికి డూప్లికేట్ రాదు" అని కూతురితో గొప్పలు పోయేవాడు.

కిందటేడు సత్యశ్రీకో దండ, తనకో దండ చేశాడు. "గాడిదలా ఎదిగినావు, నీకెందుకురా దండ?" అని చిట్టెమ్మ వెక్కిరిస్తే, "నీకు నాను సిన్నోణ్ణే కదేటే అమ్మా" అన్నాడు. తీరా భోగి ముందురోజు, ఫిషింగ్ హార్బరులో ఎవరిదో మరపడవ షాఫ్టు విరిగిందని పని వచ్చి పడింది. తెల్లవార్లూ లేతు దగ్గరే ఉండిపోయాడు. ఇంటికి వచ్చేసరికి సందు మొదట్లో బూడిద తప్ప ఏమీ లేదు. "పోన్లే, వచ్చే భోగికి ఏద్దాం" అని తన దండను వరండా తలుపు వెనక మేకుకు తగిలించాడు.

వానలు మొదలైన నెలలో ఒక మధ్యాహ్నం, పనిలో ఉండగానే గుండె పట్టుకుని కూర్చుండిపోయాడు. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది.

దండ మాత్రం అక్కడే ఉంది. రోజూ కాస్త పొడి రాల్చేది. రోజూ అనూరాధ ఆ పొడి ఊడ్చేది. తలెత్తకుండా ఊడ్చేది. భోగి ముందురోజు సాయంత్రం అత్తగారూ పిల్లా కూరల బజారుకు వెళ్ళారు. ఆ సమయంలో వీధిలోంచి పిల్లలు, "పాత సామాన్లుంటే మెట్ల దగ్గర పెట్టండాంటీ" అని కేకేసి పోయారు. ఆమె చీపురు పెట్టింది. చేట పెట్టింది. తర్వాత వరండా తలుపు వెనక్కి వెళ్ళి, దండ తీసి, దాన్నీ పెట్టింది.

పుచ్చిన పిడకలే కదా అనుకుంది. అది పైకి చెప్పుకోడానికి పనికొచ్చే మాట. లోపలి మాట వేరు. రేపటినుంచి తలెత్తి ఊడ్చుకోవచ్చు అనుకుంది.

అంతకు కొద్ది రోజుల ముందు, పిల్ల ఆ తలుపు వెనక నిలబడి ఉండడం చూసింది. "ఏం చేస్తున్నావే అక్కడ?" అంటే, "ఏం లేదమ్మా" అని సత్యశ్రీ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ వేళ్ళు పిడకల మీద ఏం తడుముతున్నాయో అనూరాధ అడగలేదు. అడిగితే ఏం చెబుతుందో తెలుసు కాబట్టే అడగలేదు.

అనూరాధ ప్రభుత్వ బడిలో టీచరు. సత్యశ్రీ ఆమె తరగతిలోనే చదువుతోంది. ఆ తరగతిలో ఒక కట్టడి ఉంది. ఏదైనా విరిగినా, పోయినా, ఎవరైనా ఎవరినైనా కొట్టినా, చేసినవాళ్ళు చెయ్యెత్తి "నేనే" అనాలి. అలా అన్నవాళ్ళను టీచరు తిట్టదు, తక్కిన పిల్లలు ఎగతాళి చెయ్యకూడదు. ఆ ఒక్క మాటతో సంగతి ముగిసిపోవాలి. మొదట్లో పిల్లలు భయపడ్డారు. తర్వాత ఎంత అలవాటు పడ్డారంటే, ఈమధ్య స్నేహితుల్ని కాయడానికి తప్పు చెయ్యనివాళ్ళు కూడా చెయ్యెత్తుతున్నారు. "అది కుదరదు. ఎవరి తప్పు వాళ్ళే చెప్పుకోవాలి" అని సెలవులకు ముందే ఆమె తరగతికి గట్టిగా చెప్పింది.

భోగి మధ్యాహ్నం సత్యశ్రీ ముసుగుతన్ని పడుకున్నాక, అనూరాధ అత్తగారి దగ్గరకు వెళ్ళింది. చిట్టెమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని, పళ్ళెంలో కందిపప్పు పోసుకుని రాళ్ళు ఏరుతోంది.

"అత్తయ్యగారూ, ఎందుకలా అన్నారు?"

"ఏటన్నాను?"

"అది పెట్టింది నేను."

"తెల్దేటి నాకు? ఇంట్లో ఉన్నది ముగ్గురం. నాను ఎట్టలేదని నాకు తెలుసు, అది ఎట్టలేదని దానికి తెలుసు. ఇంకెవులు?" చిట్టెమ్మ పళ్ళెంలోంచి తలెత్తలేదు. "సేట కూడా ఇచ్చీసినావు. పళ్ళెంలో ఏరుకుంతన్నాను సూడు."

"నేను దానికి చెప్పేస్తాను."

"సెప్పి ఏటి సేస్తావు? నా మీద అలిగితే నాలుగు రోజులు అలుగుద్ది. ముసిల్దాన్ని, పడతాను. నీ మీద మనసిరిగితే ఆ గుంటకి ఇంకెవులున్నారు? ఒగ్గీ. అదే మర్సిపోద్ది."

అనూరాధ వెళ్ళి పిల్లను లేపలేదు. అత్తగారు ఒగ్గెయ్యమనగానే గుండె మీంచి బరువేదో దిగినట్టయింది. ఆ బరువు వెళ్ళి ఎవరి మీద పడిందో అప్పుడు ఆలోచించలేదు.

సత్యశ్రీది నాలుగు రోజుల అలకలా లేదు. అంతకుముందు మామ్మ పక్కలో తప్ప నిద్రపోని పిల్ల, తలగడ తెచ్చి తల్లి పక్కన వేసుకుంది. మామ్మ కలిపిన ముద్ద ముట్టలేదు. మామ్మ ఎదురుగానే ఉన్నా, "అమ్మా, పెరుగు చాలని చెప్పు" అనేది. చిట్టెమ్మ కూడా అలాగే అందుకునేది. "ఏమ్మా టీచరమ్మా, మీ అమ్మాయికి సెప్పు, ఆ పెరుగులో పంచదార ఏసినానని." పిల్ల పెదవి నవ్వబోయి బిగుసుకునేది. గిన్నె అక్కడే వదిలి లేచిపోయేది.

పడుకునేటప్పుడు సత్యశ్రీ తల్లి మెడ చుట్టూ చెయ్యి వేసి గట్టిగా పట్టుకునేది. ఆ చెయ్యి తగలగానే అనూరాధ, ఇది నాకు రావలసింది కాదు అనుకునేది. అనుకుంటూనే పిల్లను ఇంకా దగ్గరకు తీసుకునేది.

పగలు మాత్రం ఖాళీగా ఉండనివ్వలేదు. బడి పిల్లల చేత చేయించే పనులన్నీ ఇంట్లో మొదలుపెట్టింది. పాత క్యాలెండరు కాగితాలతో నక్షత్రాలు మడిచారు. చింతపిక్కలు అరగదీసి, తెల్లటి వైపు బొమ్మలు గీశారు. జామ ఆకుల వెనక రంగు పూసి కాగితం మీద అద్దారు. సత్యశ్రీ చెప్పిందల్లా చేసింది. చేసినవన్నీ నీటుగా కిటికీలో పేర్చింది. వాటి వంక మళ్ళీ చూడలేదు.

కనుమ మర్నాడు తనే అడిగింది. "అమ్మా, సెలవుల్లో ఇంట్లోవాళ్ళతో కలిసి చేతులతో ఒకటి చేసి తీసుకురమ్మన్నావు కదా క్లాసులో. నేను కూడా తేవాలా?"

"నువ్వు మాత్రం నా క్లాసు పిల్లవి కాదా?"

"అయితే పిడకలు చేస్తాను. నాన్నవి."

ఎల్లాజీ పాలకొట్టం రెండు సందుల అవతల. చేతిలో బకెట్టుతో తల్లీకూతుళ్ళు రావడం చూసి ఎల్లాజీ పాలచెంబు కింద పెట్టాడు.

"ఓలమ్మ, టీచరమ్మే! భోగి ఎల్లిపోనాది, సంకురాత్రి ఎల్లిపోనాది, ఇప్పుడు పేడేటమ్మా? వచ్చే ఏటికి ఇప్పట్నించే అడ్వాన్సు బుకింగేటి?"

"మా నాన్న పిడకలు కాలిపోయాయి. మళ్ళీ చెయ్యాలి" అంది సత్యశ్రీ.

ఎల్లాజీ ఇంకేమీ అడగకుండా బకెట్టు అందుకున్నాడు. నింపి ఇస్తూ అన్నాడు: "ఆవుదే ఎట్టినాను, సూసుకో. మీ నాన్నతో ఏటేటా ఇదే తగువు నాకు. ఓ పాలి గేదెది కలిపి ఎట్టీసినాను. ఇంటికాణ్ణించి మల్లీ వొచ్చి, నా బకెట్టు నా నెత్తిమీదే పెడతానన్నాడు!"

సత్యశ్రీ గట్టిగా నవ్వింది. భోగి తర్వాత పిల్ల నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు విని అనూరాధకు సంతోషమే కలగాలి. అది కలిగేలోపే, ఈ నవ్వు నిలబడాలంటే తను ఎంతకాలం నోరు మూసుకోవాలో అన్న లెక్క వచ్చి అడ్డం నిలబడింది.

డాబా మీద అదే ఫ్లెక్సీ పరిచారు. ఎండ పల్చగా, హాయిగా ఉంది. సత్యశ్రీ ఉండలు చేసి వరసగా పెట్టింది. అనూరాధ మొదటిది నొక్కబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

"అలాక్కాదు. నీ నడిమివేలు మడుచు."

అనూరాధ మడిచింది.

"ఇంకాస్త. ఇక్కడిదాకా. నాన్నది ఇక్కడితో అయిపోతుంది." పేడచేత్తోనే తల్లి వేలి మీద గీత గీసి చూపించింది.

మడిచిన వేలు లోతుగా దిగిపోయి మొదటి పిడక చితికింది. రెండోదీ అంతే. తర్వాత కొంచెం కొంచెం కుదిరింది. మూడు వేళ్ళు చాపి, ఒకటి మడిచి, పైన బరువు పడకుండా నొక్కాలి. వేలు నొప్పి పుట్టింది. అనూరాధ ఆపలేదు. పెళ్ళయినన్నాళ్ళూ అన్నం కలిపిన చెయ్యి, తాళాలు వెతికిన చెయ్యి, తన నుదురు పట్టి చూసిన చెయ్యి అది. దాని కొలత ఇన్నేళ్ళలో ఇవాళే తెలుస్తోంది. ఒక పిడక బాగా వచ్చింది. సత్యశ్రీ తన వేలు తెచ్చి ఆ పొట్టి గుర్తులో పెట్టి చూసింది.

"ఇది కొంచెం నాన్నలా ఉంది" అంది.

చేతులు కడుక్కోడానికి చెంబుతో నీళ్ళు పట్టుకుని చిట్టెమ్మ అప్పుడే మెట్లెక్కి వచ్చింది. ఆయాసపడుతూ నిలబడి, ఫ్లెక్సీ మీది పిడకల వంక చూసింది. ఆ పొట్టి గుర్తులు కనిపించగానే ఆమె ముఖం మారింది. ఓ అడుగు ముందుకు వేసి వంగబోయింది.

సత్యశ్రీ చటుక్కున ఫ్లెక్సీ అంచు ఎత్తి పిడకల మీద కప్పింది.

"అమ్మా, మామ్మకి చూపించకు. చూస్తే ఇవి కూడా ఎవరికో ఇచ్చీస్తుంది."

తరగతిలో ఇటువంటి సమయంలో అనూరాధ ఏమీ మాట్లాడదు. ఊరికే నిలబడి, ఎవరి చెయ్యి లేస్తుందా అని చూస్తుంది. ఎవరిదో ఒకరిది లేస్తుంది. ఇక్కడ లేవవలసిన చెయ్యి ఒక్కటే. ఒక్క మాట చాలు. ఆమె ఇంకో ఉండ తీసుకుని నొక్కింది. వేలు మడవడం మర్చిపోయింది.

"అవునమ్మా, నా సేతులంత సెడ్డయి లేవు" అని చిట్టెమ్మ నవ్వింది. చెంబు పిట్టగోడ మీద పెట్టి, గోడ పట్టుకుని మెట్లు దిగిపోయింది.

ఆ సాయంత్రం చీరలు సంచిలో సర్దుకుంటూ కోడలితో అంది. "రేపు భీమిలి ఎల్తాను. మధులత రమ్మంతంది. కొన్నాళ్ళు దాని కాడ ఉండొస్తాను."

మధులత ఆమె చిన్నకూతురు. రమ్మని ఎప్పుడూ అంటూనే ఉంటుంది. కొడుకు పోయిన తర్వాత చిట్టెమ్మ ఈ ఇల్లు వదిలి ఒక్కపూట కూడా వెళ్ళలేదు.

"దాని మాటకు బాధపడ్డారా?" అంది అనూరాధ.

"సిన్నపిల్ల మాటకేటి?" అంది చిట్టెమ్మ. పెద్దవాళ్ళ సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

మర్నాడు అనూరాధ అత్తగారిని బస్టాండు కాంప్లెక్సు దాకా తీసుకువెళ్ళి భీమిలి బస్సు ఎక్కించింది. కిటికీ పక్కన సీటు దొరికింది. సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న చిట్టెమ్మ కిందికి చూస్తూ మొదట పిడకల సంగతే మాట్లాడింది. మధ్యాహ్నం ఒకసారి తిరగెయ్యమంది. మంచు పడకముందే లోపల పెట్టమంది. తర్వాత ఏదో మామూలు సంగతి చెబుతున్నట్టే అంది:

"పొద్దున్నే తలుపు తీసినప్పుడు ఓ పాలి దాన్ని సెయ్యెట్టి తడిమీదాన్ని. ఆడి ఏలు తెగినప్పుడు కట్లు కట్టింది నానే కదేటి. ఎంతవరకుందో నా సేతికి తెలుసు. అలవాటైపోనాది. ఇయాల కూడా తలుపు తీసి, ఉత్త మేకు తడిమినాను."

ఆ దండ కూతురికి తండ్రిది అనుకుంది అనూరాధ, తనకు భర్తది అనుకుంది. ఆ దండ మీద ఉన్నవి చిట్టెమ్మ కన్న కొడుకు చేతి గుర్తులన్న సంగతి ఇన్ని రోజుల్లో ఒక్కసారి కూడా తోచలేదు. పోగొట్టుకున్నదీ ఆమే, పోగొట్టానని ఒప్పుకున్నదీ ఆమే.

"అత్తయ్యగారూ..."

"జరగండమ్మా, బండి కదుల్తంది" అని కండక్టరు తలుపు వేశాడు. బస్సు వెళ్ళిపోయింది. అనవలసిన మాట అనకుండానే అనూరాధ గాజువాక వచ్చే బస్సు ఎక్కింది.

ఇంటికి వచ్చి, చెప్పులు విడిచి, తిన్నగా డాబా మీదకు వెళ్ళింది. సత్యశ్రీ పిడకలు తిరగేస్తోంది. అనూరాధ ఆమె ఎదుట నిలబడి కుడిచెయ్యి పైకెత్తింది.

"ఏంటమ్మా, క్లాసా?" అని పిల్ల నవ్వింది.

"నేనే" అంది అనూరాధ. "నాన్న దండ మెట్ల దగ్గర పెట్టింది నేనే. మామ్మ కాదు."

సత్యశ్రీ చేతిలో పిడక అలాగే ఉండిపోయింది. పిల్ల ఏడుస్తుందనుకుంది. అరుస్తుందనుకుంది. దేనికైనా సిద్ధపడే మెట్లెక్కింది. కానీ ఆ మాట అన్నవాళ్ళను ఎవరూ ఏమీ అనకూడదు. ఆ కట్టడి పెట్టింది అనూరాధే. సత్యశ్రీ మంచి విద్యార్థి. ఏమీ అనలేదు.

తల్లి చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది.

"చెయ్యి దింపు" అంది కాసేపటికి. అచ్చం టీచరు అన్నట్టే అంది. తర్వాత అడిగింది: "మరి మామ్మ తనే అని ఎందుకు చెప్పింది?"

"నువ్వు నా మీద అలగకూడదని."

"నేను నిన్న మామ్మని, ఇవి కూడా ఇచ్చీస్తుందన్నాను."

"అన్నావు."

"నువ్వక్కడే ఉన్నావు."

"ఉన్నాను."

"అప్పుడు కూడా చెప్పలేదు."

"చెప్పలేదు" అంది అనూరాధ. తిట్టినా బాగుండేదనిపించింది. ఎవరూ తిట్టకపోవడం ఇంత కష్టంగా ఉంటుందని, తన తరగతిలో చెయ్యెత్తిన పిల్లలెవరూ ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు.

బస్సులో చిట్టెమ్మ అన్న మాట కూడా చెప్పింది, మేకు సంగతి. సత్యశ్రీ విని, ఫ్లెక్సీ దగ్గర కూర్చుని, పిడకలు ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూసింది. నిన్న నాన్నలా ఉందన్న పిడకను చాలాసేపు చూసింది.

"ఇవి నాన్నవి కావమ్మా. నీవే" అంది. కోపంగా అనలేదు. అన్నిటినీ బుట్టలో పేర్చింది. "మధ్యలో ఒక పెద్దది ఉండాలి కదా, అది మామ్మ నొక్కాలి. మామ్మకి కొలత తెలుసు. మామ్మ వచ్చేదాకా దండ గుచ్చను."

"సాయంత్రం ఫోన్ చేద్దాం."

"ఫోను కాదు. నువ్వెళ్ళి తీసుకురావాలి. నువ్వే కదా."

ఆ రాత్రి సత్యశ్రీ తలగడ తీసుకెళ్ళి మామ్మ మంచం మీద వేసుకుని ఒక్కతే పడుకుంది.

బడి తెరిచారు. పిల్లలు సెలవుల్లో చేసినవన్నీ మోసుకొచ్చారు. ఒకడు తాతతో కలిసి మట్టిపొయ్యి చేశాడు. ఒకమ్మాయి వాళ్ళమ్మ పాతచీరలతో బొంత ముక్క కుట్టింది. సత్యశ్రీ వంతు వచ్చింది. లేచి నిలబడి, "నాది ఇంకా అవ్వలేదు టీచర్" అని కూర్చుంది. ఎందుకవ్వలేదని టీచరు అడగలేదు. తరగతిలో ఆ పిల్ల ఆమెను టీచరనే పిలుస్తుంది. ఈమధ్య ఇంట్లో కూడా అమ్మా అని పిలవకుండానే మాట్లాడడం నేర్చుకుంది.

చిట్టెమ్మ భీమిలి నుంచి ఒకసారి ఫోన్ చేసింది. "పిడకలు లోపలెట్టినారా? మంచు పడతంది" అని అడిగింది. పెట్టామని అనూరాధ చెప్పింది. "గుంట ఎలగుంది?" అంది. బాగుందంది. పిల్లకు చెప్పేసిన సంగతి చెప్పలేదు. అది ఎదురుగా చెప్పవలసింది అనుకుంది.

మొదటి ఆదివారం దిద్దవలసిన పేపర్లున్నాయంది. నిజంగానే ఉన్నాయి. రెండో ఆదివారం చీర కట్టుకుని కాంప్లెక్సు దాకా వెళ్ళింది. భీమిలి బస్సు ఆగి ఉంది, సీట్లు కూడా ఉన్నాయి. పిల్ల ముందు ఎత్తినట్టు చిట్టెమ్మ ముందు చెయ్యెత్తి ఒక్క మాట అంటే సరిపోదు. ఇంకేం అనాలో బస్సు కదిలేదాకా ఆలోచించింది. అది వెళ్ళాక ఇంటికి తిరిగి వచ్చింది. సత్యశ్రీ ఆమె వెనక ఎవరైనా వస్తున్నారేమోనని మెట్ల వైపు చూసి, లోపలికి పోయింది.

బుట్ట వరండా తలుపు వెనక ఉంది. దాని మీద మేకు ఖాళీగా ఉంది. మధ్య పిడక ఇంకా నొక్కలేదు. దండ గుచ్చలేదు. అనూరాధ ఇంకా భీమిలి వెళ్ళలేదు.